ప్రొద్దుటూరు నీళ్ళలో సముద్రపు గుల్లలు

నా ఉద్యోగ జీవితమంతా సముద్రం అడుగున బతికే ప్రాణులను చూస్తూ గడిచింది. సముద్రాన్ని మాత్రం నేను చూసింది శానా తక్కువ. ప్రొద్దుటూరులో, ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో, ఉత్తరం వైపు కిటికీ పక్కన నా బల్ల ఉండేది. ఆ బల్ల దగ్గరికే సముద్రం సీసాల్లో వచ్చేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "మేడం, ఏమేం నేర్చుకోవాలి?" అని అడుగుతున్నారు. సూక్ష్మదర్శిని వాడడం, పేర్లు పెట్టడం, లెక్కలు కట్టడం వాళ్ళకు కాలేజీలోనే నేర్పుతారు. అక్కడ నేర్పనివి కొన్ని ఉన్నాయి. నాకు తెలిసినంత మేరకు అవి ఇక్కడ రాస్తున్నాను. నాకు వాటిని నేర్పిన మనుషులకు రుణపడి ఉన్నాను, ఆ మనుషులను నా దారిలో పెట్టిన దేవునికి అంతకంటే ఎక్కువ.

సముద్రానికీ మాకూ ఏం సంబంధం

ఎండలకు పేరుపడ్డ ఊళ్ళో కూర్చొని సముద్రం అడుగు సంగతి ఎందుకని చుట్టాలు నన్ను ఎప్పుడూ ఎగతాళి చేసేవాళ్ళు. ఈ పనిని మొదలుపెట్టింది మా విభాగానికి అప్పటి పెద్ద, ఓబులేసు సారు. ఆయనను కూడా ఇదే మాట అడిగేవాళ్ళు. ఆయన జవాబు ఒకటే:

"పెన్నేరు మన జమ్మలమడుగు మీద, మన ప్రొద్దుటూరు మీద పోతాందా లేదా? పోయి యాడ కలుస్తాందో, ఆడిదాకా మన ఊరే లెక్క."

అంతే. ఏరు నెల్లూరు దాటి సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకు కొంచెం ఎడంగా, ఆయన కొన్ని చోట్లు ఎంచుకున్నాడు. ఏటేటా వానలు తగ్గాక ఒకసారి, ఎండల్లో ఒకసారి మా వాళ్ళు అక్కడికి పోయి చేపల పడవ బాడుగకు తీసుకొనేవాళ్ళు. ఇనుప దవడలాంటి పరికరాన్ని తాడుతో అడుగుకు దించితే అది ఒక్క కాటు బురదను పట్టుకొని పైకొస్తుంది. ఆ బురదను సన్న జల్లెడలో కడిగితే పురుగులు, గుల్లలు, చిన్న పీతలు మిగులుతాయి. వాటిని చెడిపోకుండా ఫార్మలిన్ మందు నీళ్ళలో వేసి సీసాలకెత్తి మాకు తెచ్చేవాళ్ళు. మేము వాటిని మళ్ళీ కడిగి, కొత్తగా కలిపిన మందు నీళ్ళలో పెట్టి, బీరువాల్లో వరసగా పేర్చేవాళ్ళం. ఒక్కో సీసాకు వంతు వచ్చేసరికి ఏడాది కూడా పట్టేది. వంతు వచ్చాక పళ్ళెంలో పోసి, సూదితో, కుంచెతో ఒక్కొక్క ప్రాణినీ వేరు చేసి, పేరు పెట్టి, లెక్క రాసేవాళ్ళం. ఒక ఏడాది లెక్కతో ఏమీ తెలియదు. అవే చోట్లలో అదే పద్ధతిలో ఏళ్ళ తరబడి చేస్తేనే అడుగున ఎవరు పెరుగుతున్నారో, ఎవరు తరుగుతున్నారో తెలుస్తుంది.

"అదే పద్ధతిలో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

గుండీల డబ్బా

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. జమ్మలమడుగులో మా ఇంటి నుంచి బడికి నడిచే ఓపిక నాకు లేదు, ఎత్తుకొనిపోయే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. మా అమ్మ రవికలు కుట్టేది. కుట్టుమిషను పక్కన నన్ను కూర్చోబెట్టుకొని, పొద్దున్నే బైబిల్లో ఒక అధ్యాయం చదివించి, తర్వాత లెక్కలు చెప్పేది. లెక్కలకు ఆమె దగ్గర ఒక గుండీల డబ్బా ఉండేది. పాత గుడ్డల నుంచి కోసి దాచిన గుండీలన్నీ అందులో వేసేది. వాటిని కుమ్మరించి, "జతలు చెయ్" అనేది. రంగును బట్టి జతలు చేస్తే మిషను ఆపి చూసి, "రంగు కడిగితే పోతాది మే. బెజ్జాలు చూడు. అంచు చూడు. వెనకపక్క తిప్పి చూడు" అనేది.

ఇంట్లోనే చదివి, ప్రైవేటుగా పరీక్షలు రాసి, దూరవిద్యలో డిగ్రీ కూడా అయిందనిపించాను. ఓబులేసు సారు దగ్గరికి ఉద్యోగానికి పోయినప్పుడు ఆయన నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఒక పళ్ళెం నా ముందుకు తోశాడు. అందులో రెండు పురుగులున్నాయి.

"ఇవి రెండూ ఒకటేనా?"

నేను శానాసేపు చూశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను. "నాకు తెలియదు సార్" అన్నాను.

"ఇంతకుముందు వచ్చిన వాళ్ళలో ముగ్గురు ఒకటే అన్నారు. ఇద్దరు కాదన్నారు. తెలియదన్నది నువ్వే. సోమవారం నుంచి రా" అన్నాడు.

అది మా అమ్మ పెట్టిన భిక్ష. మన పనిలో 'తెలియదు' అనే గడి ఒకటి ఉండాలి. ఆ గడి ఎప్పుడూ ఖాళీగా ఉందంటే ఆ మనిషి తెలివైనవాడని కాదు, అబద్ధం రాస్తున్నాడని నేను అనుకుంటాను.

పులివెందుల బండ

ఓబులేసు సారు కోపిష్టి, పిసినారి. దేన్నీ పారేయనిచ్చేవాడు కాదు. సీసాలు కడగడానికైనా, మందు కలపడానికైనా కాలేజీ బోరు నీళ్ళే వాడాలి. వేరే నీళ్ళు కొనమంటే, "నీళ్ళకు గూడా దుడ్లా?" అని అరిచేవాడు. కానీ కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ తన సొంత ఖర్చుతో పులివెందుల వైపు కొండకు తీసుకుపోయేవాడు.

నన్నూ తీసుకుపోయాడు. కాలు బాగాలేనిదాన్ని కదా, మా అటెండరు మస్తాన్ మామ నా చెయ్యి పట్టుకొని గట్టు ఎక్కించాడు. పైన ఒక వెడల్పాటి బండ మీద అలల గుర్తులున్నాయి. తడి ఇసుక మీద నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఎట్లా గీతలు పడతాయో అచ్చం అట్లాగే, కానీ రాయిలో.

"ఇది సముద్రం అడుగు. లెక్కకు అందనంత కాలం కిందటిది. బాగా చూడు, ఒక్క పురుగు పాకిన గీతన్నా ఉండాదా?" అన్నాడు సారు.

లేదు. నేను వంగి, చేత్తో తడిమి చూశాను.

"ఉండదు. అప్పటికింకా దేవుడు పురుగులను చెయ్యలేదు. నీకు ఆ మాట నచ్చుతాది గదా" అని నవ్వాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు, నా నమ్మకం మీద గౌరవం ఉండేది. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "ఈడ ల్యాదు అంటే నిజంగా ల్యాదు. కానీ అన్ని చోట్లా ల్యాదు అంటే ల్యాదని కాదు. ఉండి, మనదాకా రాకుండా పోయుండొచ్చు. ల్యాదని రాసే ముందర ఎందుకు ల్యాదో అడగాల."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేనాటికి ఆయన పదవీ విరమణ చేసి, ఆ తర్వాత కన్నుమూశాడు కూడా.

మంచినీళ్ళు

ఆయన తర్వాత విశ్వనాథం సారు వచ్చాడు. గోదావరి వైపు మనిషి. మెత్తగా మాట్లాడతాడు, అందరినీ 'అండీ' అంటాడు, అటెండరును కూడా. పనిలో నిజాయితీ ఉన్నవాడు. కొత్త సూక్ష్మదర్శినులు, ఘాటును బయటికి లాగే గాలి మరలు, మా అందరికీ చేతి తొడుగులు తెప్పించింది ఆయనే. ఫార్మలిన్ ఘాటుకు ఏళ్ళ తరబడి కళ్ళు మండిన మాకు ఆ గాలి మరలు ఎంత మేలు చేశాయో చెప్పలేను. మీ పైవాళ్ళను అంచనా వేసేటప్పుడు వాళ్ళు గదిలో గాలి గురించి ఆలోచించారా లేదా చూడండి. నేను దాన్నే చూస్తాను.

ఆయనకు పడనిది మా నీళ్ళు. వచ్చిన మొదటి వారమే కడుపు చెడింది. మస్తాన్ మామ ఓదార్చబోయాడు.

"ఏంగాదు సార్. ఈ బోరు నీళ్ళు తాగి మా జేజబ్బ నూరేండ్లు బతికినాడు."

"ఏదీ, మీరొకసారి నవ్వండి మస్తాన్ గారూ" అన్నాడు సారు. మామ నవ్వాడు. పళ్ళన్నీ గోధుమరంగు చారలే. "చూశారా! నూరేళ్ళు బతికింది మీ తాతగారు, పళ్ళు కాదు."

మామ అందరికంటే గట్టిగా నవ్వాడు.

మా నీళ్ళ సంగతి తెలిసిందే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల భూమిలో ఉన్నదంతా సున్నపురాయి. ఆ రాతి మీదుగా ఊరే నీళ్ళు కాచితే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. సారు శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు తెప్పించడం మొదలుపెట్టాడు. ముందు తాగడానికి, ఆ తర్వాత, "మనం తాగని నీళ్ళు శాంపిళ్ళకు ఎందుకండీ?" అని ప్రయోగశాలకు కూడా. మేమంతా సంతోషించాం. సీసాలు అద్దంలా తళతళలాడేవి. వెనకటిలా అడుగున తెల్లటి నలకలు లేవు. కాలేజీ చూడడానికి వచ్చిన పెద్దలు మా బీరువాలు చూసి మెచ్చుకొని పోయారు.

నూర్జహాన్

ఆ తర్వాత కొంతకాలానికి నూర్జహాన్ మా దగ్గర పరిశోధనకు చేరింది. ప్రొద్దుటూరు పిల్లే. నాన్న కువైట్‌లో బండి తోలుతాడు. అమ్మ ఇంట్లో చీరలకు అద్దాల పని చేస్తుంది. నా బల్ల ఎదురుగానే దాని బల్ల. నేను శుక్రవారాలు దాని నమాజుకు తలుపు దగ్గరేసేదాన్ని, అది నేను మధ్యాహ్నం అన్నం ముందు కళ్ళు మూసుకున్నప్పుడు మాట్లాడకుండా ఆగేది. మా మధ్య మతం గురించి మాట అంతకు మించి ఎప్పుడూ రాలేదు, అవసరం కూడా పడలేదు.

దాని పరిశోధన గుల్లల మీద. ఏటి మూతి దగ్గర బురదలో ఉండే రెండు చిప్పల గుల్లలు. అక్కడి ఊళ్ళలో ఆడవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో దిగి వాటిని ఏరుకొని, లోపలి మాంసం అమ్ముకుంటారు, చిప్పలు సున్నం బట్టీలకు వేస్తారు. ఓబులేసు సారు నాటి లెక్కల్లో ఆవగింజంత పిల్ల గుల్లలు ప్రతి సీసాలోనూ బోలెడు ఉండేవి. నూర్జహాన్ లెక్కల్లో అవి ఒకటి రెండేళ్ళలోనే తగ్గి, లేకుండా పోయాయి. గీత గీస్తే పైనుంచి కిందికి జారుడుబండలా దిగింది. పరిశోధనలో ఇంత తేటగా కనపడే ఫలితం దొరకడం అదృష్టం. విశ్వనాథం సారు పొంగిపోయాడు. కోస్తాలో ఆ పనులు చూసే అధికారులు సంగతి విని రిపోర్టు అడిగారు. పిల్ల గుల్లలు లేవంటే ఏరడం వల్లే కాబట్టి, ఏరడం కొన్నాళ్ళు ఆపించాలని వాళ్ళ ఆలోచన.

నూర్జహాన్ థీసిస్ దాదాపు అయిపోయింది. డిగ్రీ రాగానే ఉద్యోగం చూసుకోవచ్చు. నాన్న ఇక ఎడారి వదిలి ఇంటికి రావచ్చు. ఆ ఇంట్లో అందరూ ఆ పుస్తకం అట్ట పడే రోజు కోసం ఎదురు చూస్తున్నారు.

ఒకరోజు అది సూక్ష్మదర్శిని మీది నుంచి తల ఎత్తి అడిగింది. "సుగుణక్కా, నాకొకటి అర్థం కాల్యా. పిల్ల గుల్లలు ల్యాక ఇన్నేండ్లాయ. మరి పెద్ద గుల్లలు తగ్గాల గదా?"

"తగ్గలేదా?"

"ఎప్పుడున్నన్ని అప్పుడే ఉండాయి. పిల్లలే ల్యాకుంటే పెద్దవి యాణ్ణుంచి వస్తాండాయి అక్కా?"

"తెలియదు" అన్నాను. కానీ పులివెందుల బండ మీద ఓబులేసు సారు అన్న మాట గుర్తొచ్చింది. దానికి చెప్పాను. ఎందుకు ల్యాదో అడగాల.

చింతపండు

మా గదిలో టీ కాచుకునే గిన్నె ఒకటి ఉండేది. వెనకట నెలకోసారి మస్తాన్ మామ దాన్ని చింతపండు వేసి రుద్దేవాడు, లోపల పట్టిన సున్నం పొర వదలడానికి. పండుగ సెలవుల ముందు అన్నీ శుభ్రం చేద్దామని నూర్జహాన్ ఇంటి నుంచి గుప్పెడు చింతపండు తెచ్చి ఆ గిన్నె ముందేసుకొని కూర్చుంది.

"మామా, దీన్ని ఎవురు తోమినారు? లోపల ఏమీ ల్యా."

"ఎవురూ తోమల్యా."

"మరి పొర ఏది?"

"పొర యాడిదమ్మా? క్యాన్ నీళ్ళకు సున్నం పడతాదా? సారు క్యాన్లు పెట్టిచ్చినప్పట్నుంచి నాకు ఆ పీడ వదిలింది" అన్నాడు మామ.

నూర్జహాన్ చింతపండును గిన్నె పక్కన పెట్టేసింది. నేను దాని మొహం చూశాను. ఏదో లెక్క లోపల జరుగుతోంది.

"మామా, పులుపు తగిల్తే సున్నం కరుగుతాది. అంతే గదా?"

"చిన్నపిల్లోల్లకు గూడా తెలుసు గదమ్మా."

"అక్కా, ఫార్మలిన్ నిలవుంటే పులుస్తాది" అంది నా వైపు తిరిగి. ఆ సంగతి నాకూ తెలుసు, పుస్తకాల్లో ఉంది. ఫార్మలిన్ మెల్లమెల్లగా ఆమ్లమవుతుంది. గుల్ల చిప్ప అంటే సున్నమే. అందుకే గుల్లలు దాచే నీళ్ళలో పులుపును విరిచే వెలిగారం కలపమని చెబుతారు. ఓబులేసు సారు ఏనాడూ కలపలేదు. ఆయన హయాంలో గుల్లలకు ఏమీ కాలేదు గనుక మేమెవరం దాని గురించి ఆలోచించలేదు.

నూర్జహాన్ లేచి లిట్మస్ కాగితాలు తీసుకుంది. మొదట పాత బీరువా. ఓబులేసు సారు నాటి సీసాలు కొన్ని వంతు రాక మిగిలిపోయి ఉన్నాయి. మూత తీసి నీలం కాగితం ముంచింది. నీలంగానే ఉంది. సీసాను వెలుతురుకు పట్టుకుంది. అడుగున పిల్ల గుల్లలు మెరుస్తున్నాయి. తర్వాత కొత్త బీరువా, తళతళలాడే సీసాలు. కాగితం ముంచగానే ఎర్రబడింది. ఇంకోటి. ఎరుపు. ఇంకోటి. ఎరుపు.

నూర్జహాన్ ఎర్రబడ్డ కాగితాలను వరసగా బల్ల మీద పెట్టింది.

"నా గుల్లల్ని చింతపండేసి తోమినామక్కా" అంది.

చౌక సలహా

బోరు నీళ్ళలోని సున్నం ఇన్నాళ్ళూ ఫార్మలిన్ పులుపును విరిచేస్తూ వచ్చింది. మా ఎవరికీ తెలియకుండా. ఆ నీళ్ళు తీసేసి శుద్ధమైన నీళ్ళు పోయగానే, బీరువాలో వంతు కోసం ఎదురుచూసే నెలల్లో, ఆవగింజంత చిప్పలు కరిగిపోయాయి. పెద్ద చిప్పలు మందం గనుక నిలిచాయి. సముద్రంలో పిల్ల గుల్లలు పోలేదు. మా బీరువాలో పోయాయి.

ఇదంతా అప్పటికి అనుమానమే. రుజువు లేదు. రిపోర్టు మాత్రం సంతకానికి సిద్ధంగా ఉంది. సెలవుల ముందు రోజు నూర్జహాన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, ఇది చెప్తే నా థీసిస్ పోతాది."

"సగం పోతుంది."

"సగమే, కానీ అదే ముఖ్యమైన సగం. నాయనకు ఈ ఏడే వచ్చేయమని చెప్పినా." తర్వాత గొంతు తగ్గించి, "చెప్పకపోతే ఎవురికీ తెల్దు" అంది.

"ఎవరికీ తెలియదు. నిజమే."

"నువ్వైతే ఏం చేస్తావక్కా?"

"నేను చెప్తాను. కానీ నా ఉద్యోగం అయిపోవచ్చింది, నాకు పోయేదేమీ లేదు. అందుకని నా సలహా చౌక నూర్జహాన్. దాన్ని నమ్ముకొని ఏమీ చెయ్యొద్దు."

ఆ సెలవుల్లో నేను దాని కోసం ప్రార్థించాను. చెప్పేటట్టు చెయ్యి ప్రభువా అని కాదు. దానికి తోడుగా ఉండు అని మాత్రమే. మనుషులను నిర్ణయాల వైపు తోయడం ప్రార్థన పని కాదని మా అమ్మ నేర్పింది.

సెలవులయ్యాక వచ్చిన మొదటి పొద్దునే అది తిన్నగా విశ్వనాథం సారు గదిలోకి పోయింది. నన్ను కూడా రమ్మంది. లిట్మస్ కాగితాలు బల్ల మీద పరిచి మొత్తం చెప్పింది. సారు మొహం ఎర్రబడింది.

"అంటే, నేను మంచినీళ్ళు తెప్పించడం తప్పంటారా?"

"తప్పని కాదు సార్. మంచినీళ్ళని అందరం అనుకున్న్యాం."

"పాతాయన మురికినీళ్ళు ఒప్పు, నా శుభ్రత తప్పు. అంతేగా?"

నూర్జహాన్ తల దించుకుంది కానీ వెనక్కి తగ్గలేదు. "సార్, సెలవులకు ముందర వచ్చిన సీసాలు ఇంకా కొత్త మందులోకి మార్చల్యా. వాటిని కలిపి రెండు సగాలు చేస్తాం. ఒక సగం బోరు నీళ్ళతో కలిపిన మందులో, ఒక సగం క్యాన్ నీళ్ళతో కలిపిన మందులో. ముందు ఎన్ని గుల్లలుండాయో చూసి పెడ్తాం. ఎండల దాకా ఆగి తెరుద్దాం. గుల్లలు రెండిట్లోనూ ఉంటే నేను చెప్పేది తప్పు."

సారు ఎర్రబడ్డ కాగితాలను ఒక్కొక్కటే చేతికి తీసుకొని చూశాడు. తర్వాత ఆయన అన్న మాటకు నేను ఆయనను ఈ రోజుకూ గౌరవిస్తాను.

"పెట్టండి. మూడో సీసా కూడా పెట్టండి, క్యాన్ నీళ్ళలో వెలిగారం కలిపి. అది తేలేదాకా రిపోర్టు నా బల్ల దాటదు. వాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను."

వెలిగారం మా ప్రొద్దుటూరులో దొరకడం ఎంతసేపు? బంగారు పని చేసే అంగళ్ళ వీధికి నేనూ నూర్జహానూ పోయాం. అంగట్లో ముసలాయన పొట్లం కడుతూ, "ఏం అతికించాలమ్మా? గొలుసా, కమ్మలా?" అన్నాడు.

"గుల్లలు అప్పా" అంది నూర్జహాన్.

ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "చదువుకున్నోల్ల సంగతి నాకు తెల్దులే" అని పొట్లం చేతికిచ్చాడు. అది ఆ రోజుల్లో మొదటిసారి నవ్వింది.

మూడు సీసాలు

ఎండలు ముదిరాక మూడు సీసాలూ తెరిచాం. సారు పక్కనే నిలబడ్డాడు. మస్తాన్ మామ తలుపు దగ్గర.

బోరు నీళ్ళ సీసాలో గుల్లలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వెలిగారం సీసాలోనూ అంతే. క్యాన్ నీళ్ళ సీసాలో పెద్దవి తప్ప ఏమీ లేవు. నూర్జహాన్ పళ్ళెంలో మిగిలిన చెత్తను ఇంకా పెద్దది చేసి చూసింది. అక్కడక్కడా సన్నని మెత్తటి పొరలు, తడి ఉల్లిపొరలాంటివి. చిప్ప కరిగిపోగా మిగిలిన ప్రాణులు. అట్లాంటి పొరలను ఇన్నేళ్ళూ మేమందరం ఆకుల తునకలనుకొని పక్కకు తోస్తూనే ఉన్నాం.

"ఇవేనక్కా నా గుల్లలు" అంది.

సారు అక్కడే నిలబడి అధికారులకు ఫోన్ చేశాడు. పిల్ల గుల్లలు తగ్గాయనడానికి మా దగ్గర ఆధారం లేదు, మా నిలవ పద్ధతిలో పొరపాటు జరిగింది, రిపోర్టు పంపడం లేదు అని ఒక్క మాట కూడా తిప్పకుండా చెప్పాడు. ఏటి మూతి దగ్గర ఆడవాళ్ళు ఆ ఏడూ గుల్లలకు నీళ్ళలో దిగారు. తమ మీద ఏం రాబోయిందో వాళ్ళకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

నూర్జహాన్ నాన్న మరికొంతకాలం కువైట్‌లోనే ఉండిపోయాడు. అది మాటల్లో తీసిపారేసే నష్టం కాదు. ఆ పిల్ల ఫోన్‌లో ఆయనకు ఆ సంగతి చెప్పడం నేను విన్నాను. "ఇంకొన్నాళ్ళు నాయనా" అని, ఏడుస్తూ ఫోన్ నా చేతికిచ్చింది. అవతల ఆయన, "ఏడవొద్దని చెప్పమ్మా. దొంగ డిగ్రీతో వచ్చిన కూతురి అన్నం నాకు దిగుతాదా?" అన్నాడు. అప్పటికి నేను ఆయనను చూడనైనా లేదు. నా ప్రార్థనల్లో ఆయన పేరు ఇప్పటికీ ఉంది.

క్యాన్ నీళ్ళ ఏళ్ళలోని పిల్ల గుల్లల లెక్క ఇక ఎవరికీ దొరకదు. ఆ గడులను ఖాళీగా వదిలాం. ముందు వెనక అంకెలు చూసి మధ్యలో నింపొచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వద్దు. ఖాళీ కూడా ఒక లెక్కే. నింపిన ఖాళీని తర్వాత వచ్చేవాళ్ళు నిజమనుకొని దాని మీద ఇల్లు కడతారు.

పోనిది ఒకటుంది. పురుగులకు చిప్ప ఉండదు, కరగడానికేమీ లేదు. నూర్జహాన్ పక్కన పెట్టిన పురుగుల లెక్కలు రెండు కాలాల్లోనూ నిలిచాయి. అవి చెప్పిన కథ వేరు. మెత్తటి బురదను నమ్ముకున్నవి మెల్లగా తగ్గుతూ వచ్చాయి, ఇసుకలో గొట్టం కట్టుకొని ఉండేవి పెరుగుతూ వచ్చాయి. ఏరు పైనుంచి తెచ్చే బురద తగ్గిందన్నమాట. ఏటిని పైన ఎన్ని చోట్ల ఆపామో మా కడప జిల్లా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జారుడుబండలాంటి గీత కాదు అది. ఏళ్ళ తరబడి చూస్తేనే కనపడే వాలు. నిజమైన మార్పులు ఎక్కువగా అట్లాగే ఉంటాయి. మరీ తేటగా, మరీ త్వరగా కనపడిన మార్పును చూసి సంతోషించే ముందు మీ గదిలో ఏం మారిందో చూడండి. జల్లెడ మారిందా, మనిషి మారాడా, నీళ్ళు మారాయా?

వైవా

నూర్జహాన్ థీసిస్ మళ్ళీ రాసింది. మొదటి అధ్యాయమే నీళ్ళ మీద. తప్పు జరిగిన సంగతిని అంత ముందు పెట్టొద్దని కొందరన్నారు. అది వినలేదు.

వైవా రోజుకు నేను పదవీ విరమణ చేసి ఉన్నాను. అయినా పోయి వెనక వరసలో మస్తాన్ మామ పక్కన కూర్చున్నాను. దాని అమ్మ, ఆ వారమే కువైట్ నుంచి శాశ్వతంగా వచ్చేసిన నాన్న ఒక మూల కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, కళ్ళద్దాల మీదుగా చూస్తాడు. పురుగుల అధ్యాయం మెచ్చుకున్నాడు. తర్వాత మొదటి అధ్యాయం తెరిచి వేలు పెట్టాడు.

"మీ పాత ప్రొఫెసర్ వెలిగారం ఎన్నడూ వాడలేదని మీరే రాశారు. వాడకుండా దాచిన శాంపిళ్ళు చెడిపోతాయని కూడా మీరే నిరూపించారు. మరి ఆయన లెక్కలను ఏ ధైర్యంతో నమ్మమంటారు?"

విశ్వనాథం సారు తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు సరిగ్గా లేకపోతే ఓబులేసు సారు నాటి నుంచి చేసిందంతా పోతుంది. నూర్జహాన్ పుస్తకపు తెలుగులో మొదలుపెట్టి, రెండు మాటలకే వదిలేసింది.

"సార్, మా ప్రొద్దుటూరు బోరు నీళ్ళు తాగేదానికి పనికిరావు సార్. అంత సున్నం. అందుకే నమ్మొచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు. "చూపించగలరా?" అన్నాడు.

అది సంచిలోంచి రెండు సీసాలు తీసి ఆయన ముందు పెట్టింది. ఒకటి ఓబులేసు సారు నాటిది, మసకబారి, అడుగున తెల్లటి నలకలతో. ఇంకొకటి తళతళలాడుతూ. ఆయన మసకగా ఉన్న సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని మెల్లగా తిప్పాడు. అన్నేళ్ళ కిందట ఏటి మూతి నుంచి వచ్చిన పిల్ల గుల్లలు ఒక్కసారిగా లేచి, మెరుస్తూ, మళ్ళీ అడుగుకు దిగాయి. ఆయన ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ లేచాయి.

"ఉన్నాయమ్మా" అన్నాడు.

నూర్జహాన్ నాన్నకు ఏం జరిగిందో సగమే అర్థమైనట్టుంది, కానీ కళ్ళు తుడుచుకున్నాడు. మస్తాన్ మామ నా చెవిలో, "మా జేజబ్బ తాగిన నీళ్ళే గదమ్మా అవి" అని, చారల పళ్ళతో నవ్వాడు.

మంచినీళ్ళు ఇమ్మని చిన్నప్పటి నుంచి మోకాళ్ళూని అడిగిన ఊరిదాన్ని నేను. ఆ రోజు వెనక వరసలో కూర్చొని, కళ్ళు మూసుకొని, ఆ చెడ్డ నీళ్ళకు స్తోత్రం చెప్పుకున్నాను.